గొడుగు గుర్తుకే మన ఓటు

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఇవాళ ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరున్నారు… ఎవరండీ మాట్లాడేది?

…

వదినా?

…

మీరేనా… ఉండండి, కూర్చుంటాను. ఆ, కూర్చున్నాను. చెప్పండి.

…

చూశాం వదినా. మధ్యాహ్నానికే తేలిపోయింది. టీవీ వాడు మీ తమ్ముడి ఫొటో మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన అన్నయ్యగారి ఫొటో చుట్టూ పూలు రాల్చాడు. అన్నయ్యగారికి చెప్పండి, మాకు చాలా సంతోషంగా ఉందని… అయ్యో, వెటకారం కాదు. నిజంగానే.

…

బాధా? ఎవరికి? … మీ తమ్ముడికా? ఫలితం వినగానే తెల్లచొక్కా విప్పి దండెం మీద పడేశారు. అన్నం తిన్నాక పొలం బట్టలు తొడుక్కుని, పార భుజాన వేసుకుని ఉల్లి మడుల్లోకి వెళ్ళిపోయారు. ఓదార్చడానికి వచ్చిన పార్టీ వాళ్ళు గట్టు మీద నిలబడి ఉంటే, ఊరికే నిలబడటమెందుకు, కలుపు తీయండి అన్నారట. ఒక్కొక్కళ్ళూ ఫోను మోగినట్టు చెవి దగ్గర పెట్టుకుని జారుకున్నారు.

…

లేదు వదినా, మీరు ఫోన్ చేసినందుకే నాకు సగం ఆయుష్షు పెరిగింది. పదేళ్ళయింది మీ గొంతు విని. సొంత తమ్ముడు బావ మీదే పోటీకి నిలబడి, ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టాడన్న కోపం మీది. కాదనను. జనాన్ని ఏడిపించి ఓట్లు దండుకున్నాడని కూడా మీరు అన్నారట. నా చెవిన పడింది…

…

అన్నా తప్పులేదు లెండి. పేపర్లో అలాగే వచ్చిందిగా. కానీ అసలు జరిగింది వేరు. చెబుదామంటే ఈ పదేళ్ళూ మీరు ఫోనెత్తితేనా.

…

ఇప్పుడా? మీకు తీరిక ఉంటే చెబుతాను… తలుపు గడియ పెట్టుకున్నారా? మంచిది. వినండి.

మన మార్కెట్ యార్డుకి అప్పట్లో కప్పు లేదు కదా. కోసి తెచ్చిన ఉల్లి అంతా ఆరుబయటే కుప్పలు. ఆ ఏడు వారం రోజులు వాన పట్టుకుంటే, కుప్పలన్నీ మొలకలొచ్చి పచ్చగా పార్కులా తయారయ్యాయి. కప్పు వేయించమని అందరూ అన్నయ్యగారి దగ్గరికి వెళ్ళారు. శాసనసభలో మన సభ్యుడు ఆయనేగా అప్పుడు. ఆయనేమో చూద్దాం అన్నారు…

…

నేను తప్పు పట్టడం లేదు వదినా. తర్వాత పదేళ్ళు మేమూ అదే మాట అన్నాం. ఆ కుర్చీలో కూర్చుంటే నోట్లోంచి ఆ మాటే వస్తుంది.

సరే, యార్డులో రైతులంతా మీటింగు పెట్టుకున్నారు. ఎవరో ఒకరు మాట్లాడాలిగా, బావమరిది కాబట్టి నువ్వే మాట్లాడు అని మీ తమ్ముణ్ణి ముందుకు తోశారు. ఆయన సంగతి మీకు తెలుసు, నోట్లో నాలుక లేని మనిషి. లేచి నిలబడ్డారో లేదో, వాన దంచి కొట్టింది. అందరూ పరుగెత్తి పక్కనున్న షెడ్డులో దూరారు. అదేమో ఉల్లిపాయలు తరిగి ఎండబెట్టే షెడ్డు. లోపల మిషను నడుస్తోంది. ఇన్ని బస్తాలు తరిగి పోస్తోంది. కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి…

…

ఆ, అంతే. మీకిప్పుడు అర్థమైంది.

మీ తమ్ముడు ఒక పెట్టె మీదికెక్కి రెండే ముక్కలన్నారు. మన యార్డుకి కప్పు కావాలి, బావని ఇంకోసారి అడుగుదాం అని. అంతే. చూస్తే షెడ్డంతా ఏడుపు. ముసలీ ముతకా, మీసాలు తిప్పే మగాళ్ళు, అందరూ కళ్ళొత్తుకుంటున్నారు. పేపరు ఫొటోగ్రాఫరు కూడా ఏడుస్తూనే తీశాడు, అందుకే ఆ ఫొటో మసకగా ఉంటుంది. మర్నాడు పేపర్లో 'రైతు మాటకు కన్నీరుమున్నీరైన జనం' అని ఇంత లావు అక్షరాలతో వేశారు.

…

నవ్వండి వదినా, నవ్వండి. నేనైతే ఆ రోజు నవ్వలేదు. పేపరొచ్చిన పొద్దున్నే గొడుగు పార్టీ వాళ్ళు మూడు కార్లలో దిగారు. ఇంతమందిని ఏడిపించగల మనిషి మా పార్టీలో లేడు, మీరే నిలబడాలి అన్నారు. మీ తమ్ముడు బావ మీద నిలబడనన్నారు. పెరట్లోకి పోయి గడ్డివాములో కూర్చున్నారు. వాళ్ళు వెంటపడి, గెలిస్తే యార్డుకి కప్పు వేస్తాం అన్నారు. కప్పు అనేసరికి ఈయన బయటికొచ్చారు. ఏ గుర్తు అని అడిగారు. గొడుగు అన్నారు. అదీ ఒక రకంగా కప్పే కదా అని నాతో అని సంతకం పెట్టేశారు. ఇదీ సంగతి.

…

మీకు చెప్పడానికి మీ ఇంటికొచ్చారు వదినా. మీరు తలుపు తీయలేదు.

…

పోనీండి. అయిపోయిందేదో అయిపోయింది.

…

సభలోనా? అది మీరు టీవీలో చూసే ఉంటారే… చూసేవారు కాదా? మీ తమ్ముడు కనిపిస్తే ఛానల్ మార్చేసేవారా… పోన్లెండి. మొదట్లో వరదల మీద చర్చ వచ్చింది. గొడుగు పార్టీ పెద్దాయన, ఇప్పుడు మావాడు మాట్లాడతాడు చూడండి అని ఈయన్ని లేపారు. సభంతా ముందుకి వంగింది. కొందరైతే ముందుగానే జేబురుమాళ్ళు తీసి పట్టుకున్నారట. ఈయన లేచారు, గొంతు సవరించుకున్నారు, అటూ ఇటూ చూశారు. అధ్యక్షా, ఇక్కడ కిటికీలు తెరవరా, అని అడిగి కూర్చున్నారు.

…

అంతే. ఇంకో మాట లేదు. ఉక్కపోస్తోంది, అడిగారు. దాంట్లో ఏం అర్థం కనిపించిందో పేపర్ల వాళ్ళకి, ప్రజల గొంతు సభలోకి రావాలని ఆయన భావం అని రాసేశారు. దెబ్బకి కిటికీలన్నీ తెరిపించారు. ప్రజల గొంతు వచ్చిందో లేదో గానీ, పావురాలొచ్చాయి.

…

ఒకటా రెండా. పైన దూలాల మీద కాపురాలు పెట్టేశాయి. ఆర్థిక మంత్రి బడ్జెట్ చదువుతుంటే సరిగ్గా కాగితం మీద… ఆ. అదే. ప్రతిపక్షం వాళ్ళు బల్లలు చరిచారు. పావురాలు కూడా ఈ బడ్జెట్‌ని వ్యతిరేకిస్తున్నాయి అన్నారు. సభ వాయిదా. పావురాల మీద ఒక కమిటీ వేశారు, దానికి మీ తమ్ముణ్ణే పెద్దని చేశారు. ఊరూరా తిరిగి, ఎక్కడెక్కడ పావురాల్ని ఎలా తోలుతున్నారో చూసి రమ్మన్నారు. ఏడాదిన్నర తిరిగారు వదినా. చివరికి రాసిన నివేదిక ఒకటే ముక్క. కిటికీలు మూయాలి.

…

అక్కడితో ఆగితే బాగుండేది. రెండోసారి గెలిచాక మంత్రిని చేశారు. చేపల శాఖ. ఆ శాఖ ఎవరికీ వద్దట. ఉల్లి పండించుకునే మనిషికి చేపలేంటండీ, అని నేనంటే, నీళ్ళు పెట్టడం రెండింటికీ ఉంటుందిలే అన్నారు. చెరువులో చేపపిల్లలు వదిలే కార్యక్రమం పెట్టారు. మెట్ల మీద పాచి ఉంది. ఈయన బకెట్ పట్టుకుని వంగారు. చేపపిల్లల్ని వదలమంటే మంత్రిగారినే వదిలారని రాశాడొకడు పేపర్లో. ఒక బూటు ఇంకా ఆ చెరువులోనే ఉంది.

…

ఈత వచ్చు కానీ, కోటు వేసుకుని రాదట.

…

లేదు, తర్వాత రెండు నెలలకే శాఖ మార్చాలని చూస్తే, ఈయనే వదిలేశారు. నాకు యార్డు కప్పు ఇస్తే చాలు అన్నారు. ఇచ్చారు వదినా, సగం. నిజంగానే సగమే. తూర్పు వైపు కప్పు పడింది, పడమటి వైపు ఆకాశమే. ఉన్న సగం కోసం ఇప్పుడు రైతులు కొట్టుకుంటున్నారు. మిగతా సగం అన్నయ్యగారు చూసుకోవాలి.

…

నిట్టూరుస్తున్నారేంటి? … సరే, అదీ చెబుతాను. ఈసారి ఎన్నికల సంగతి. మీ దాకా సగమే వచ్చి ఉంటుంది.

ఎన్నికల ముందు పెద్దవాళ్ళ మధ్య ఏదో బెడిసింది. గొడుగు పార్టీ వాళ్ళు ఈయన్ని పొమ్మని, అన్నయ్యగారిని రమ్మన్నారు. అది తెలిసి అన్నయ్యగారి పాత పార్టీ వాళ్ళు, ఈల గుర్తు వాళ్ళు, ఈయన దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. వద్దన్నారీయన. రైతులొచ్చి, మిగతా సగం కప్పు ఎవడు వేయిస్తాడయ్యా అని గడప దగ్గర కూర్చున్నారు. సరే అన్నారు. బావా బావమరదులు చొక్కాలు మార్చుకున్నట్టు పార్టీలు మార్చుకున్నారు. గొడుగు వాళ్ళు పాత పోస్టర్లు కూడా వృథా చేయలేదు, చూశారా. మా ఆయన తల తీసేసి అన్నయ్యగారి తల అతికించారు. ఒళ్ళు మా ఆయనదే…

…

అవును వదినా, ఆ పొట్ట మీ తమ్ముడిదే. మీరు అన్నయ్యగారిని కంగారుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా… అయ్యో పాపం.

ఇక ప్రచారం. ఈల గుర్తు కాబట్టి ఊరి మొదట్లో ఈల ఊదుతూ రమ్మన్నారు. ఈయనకి ముందు పన్ను లేదు, గాలి పక్కకి పోతుంది. ఎలాగో ఊదితే మనుషులు రాలేదు గానీ, ఆ ఊరి కుక్కలన్నీ వచ్చాయి. అంతవరకూ పర్వాలేదు. జీపెక్కి మైకు పట్టుకుని, అక్కలారా, అన్నలారా, గొడుగు గుర్తుకే మన ఓటు, అన్నారు.

…

ఆ. గొడుగుకే. మీ ఆయన గుర్తుకే.

పదేళ్ళ అలవాటు కదా, నోరు జారింది అనుకున్నారంతా. నవ్వారు. ఇంకో ఊళ్ళో మళ్ళీ అదే. పార్టీ కుర్రాళ్ళు ఆయన అరచేతిలో పెన్నుతో ఈల అని రాశారు. చెమటకి చెరిగిపోయింది. జీపు అద్దం మీద రాశారు. కళ్ళజోడు లేదన్నారు. మూడు వారాలు, ప్రతి సందూ గొందీ తిరిగి, చేతులు జోడించి, గొంతు పోయేదాకా గొడుగుకి ఓటేయమని అడిగారు. జనం కూడా, పెద్దమనిషి ఇంతలా అడుగుతున్నాడు కదా అని వేసేశారు. మా గేదెల పాకలో పాలు పితికే మనిషి అయితే నా మొహం మీదే చెప్పింది, అయ్యగారి మాట కాదనలేక గొడుగుకే వేశానమ్మా అని.

…

మీకు తెలీదా? అన్నయ్యగారికీ తెలీదా? … తన ప్రచారం వల్లే అనుకుంటున్నారా. అనుకోనివ్వండి. చెప్పకండి.

…

అదే నేనూ అడిగాను వదినా. ఇవాళ మధ్యాహ్నం, ఫలితం వచ్చాక. అన్నం తింటున్నారు, ఎప్పుడూ లేనిది మారు వడ్డించుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఎదురుగా కూర్చుని, నిజం చెప్పండి, మరిచిపోయి అన్నారా, కావాలని అన్నారా అని అడిగాను. మజ్జిగ పోసుకున్నారు. తర్వాత అన్నారు…

…

చెబుతున్నాను. "మొదటి ఊళ్ళో మరిచిపోయే అన్నాను. రెండో ఊళ్ళో అక్క గుర్తొచ్చింది" అన్నారు.

…

వదినా?

…

ఉన్నారా?

…

ఇంకేమన్నారంటే… పదవి పోయాక బావ మనిషి కాకుండా పోయాడు, అక్క పైకి చెప్పుకోలేక కుమిలిపోతోంది, ఆయన కుర్చీ ఆయనకిచ్చేస్తే ఇద్దరూ బాగుంటారు, అప్పుడైనా అక్క ఒక్కసారి మాట్లాడుతుంది. ఇలా ఏదో అన్నారు. పొద్దున్నుంచీ ఈ ఫోను పక్కనే కూర్చున్నారు వదినా. ఏ కాల్ వచ్చినా ముందు తనే చూడటం. మీది రాలేదు. అప్పుడు పార తీసుకుని వెళ్ళారు.

…

ఏడవకండి. సంతోషమే కదా. ఇప్పుడు చేశారుగా, చాలు.

…

ఏంటి? … మళ్ళీ చెప్పండి. సంతోషంతో కాదా?

…

గెలవకూడదని కోరుకున్నారా? మీరు? అన్నయ్యగారు గెలవకూడదనా?

…

ఉండండి వదినా, నెమ్మదిగా. ఏడుస్తూ చెబితే ముక్క అర్థం కావడం లేదు… ఊఁ… ఊఁ… గులాబీలా? అన్నయ్యగారు? మొక్కకొక పేరు కూడానా…

…

వంట కూడా నేర్చుకున్నారా. పొద్దున్నే కాఫీ కలిపి మీ మంచం దగ్గరికి తెచ్చేవారా… సాయంత్రం ఇద్దరూ చెరువు కట్ట దాకా నడిచి వెళ్ళడమా… ఈ పదేళ్ళూ? మేమేమో ఇక్కడ, మిమ్మల్ని దిక్కులేని వాళ్ళని చేశామని ముద్ద దిగక చచ్చాం కదండీ.

…

మరి అంత హాయిగా ఉంటే ఒక్క ఫోన్ చేయకూడదా?

…

మొదటి ఏడాది కోపంతో. సరే. తర్వాత?

…

సిగ్గుతో. తొమ్మిదేళ్ళూ సిగ్గేనా వదినా? … నిజమే లెండి. అన్నన్ని మాటలన్నాక, నా మొగుణ్ణి ఓడించి మంచి పని చేశావు తమ్ముడూ అని చెప్పడానికి ఏ అక్కకైనా నోరు రాదు.

…

అయ్యయ్యో. ఎంత పని చేశారీయన.

…

ఇప్పుడు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? … స్నానాల గదిలోంచా? గడియ పెట్టుకున్నానంటే పడగ్గది అనుకున్నాను. పడగ్గదిలో ఎవరున్నారు? … కాంట్రాక్టర్లా. మంచం మీదే కూర్చున్నారా. వంటింట్లో? … బదిలీల వాళ్ళు. గులాబీ మొక్కల మీద? … వదినా, గులాబీ మొక్కల మీద టెంటు ఎవరు వేయమన్నారు. అన్నయ్యగారు చూసి ఏమన్నారు?

…

చూద్దాం అన్నారా. అయితే అయిపోయింది. మొదలైపోయింది.

…

సరే, ఏడుపు ఆపి నేను చెప్పేది వినండి. పదేళ్ళు ఈ రొంపిలో పడి నేర్చుకున్నవి. ముందు కుర్చీలు దాచేయండి. కుర్చీ కనిపిస్తే మనిషి కదలడు. నిలబెడితే పది నిమిషాల్లో పని చెప్పి పోతాడు. టీ ఇవ్వండి, ఇవ్వకపోతే బాగుండదు, కానీ చల్లారాక ఇవ్వండి. వేడి టీ ఊదుకుంటూ గంట కూర్చుంటారు. పెళ్ళికి పిలిస్తే వస్తామనకండి, రామనకండి, పెళ్ళికూతురు ఏం చదివింది అని అడగండి. ఆ తర్వాత వాళ్ళే మాట్లాడుకుంటారు…

…

ఆయన ఎక్కడున్నారని అడిగితే స్నానం చేస్తున్నారనండి. నేను అదే చెప్పేదాన్ని. ఒక పెద్దాయన పాపం, బాబుకి ఏమైనా చర్మం జబ్బా అమ్మా అని ఆకుపసరు తెచ్చిచ్చాడు.

…

అవును, మీరే స్నానాల గదిలో ఉన్నారు కదూ. అయితే ఇంకేదైనా చూసుకోండి.

…

ఉండండి, గేటు చప్పుడైంది. ఆయనే అనుకుంటాను… ఆయనే. కాళ్ళు కడుక్కుంటున్నారు. వదినా, ఇస్తున్నాను, మాట్లాడండి… లేదు, మీరే మాట్లాడాలి. నేను మధ్యలో ఎందుకు.

ఏమండీ… ఏమండీ, ఆ పార అక్కడ పెట్టి ఇటు రండి. మీ అక్కయ్య.

…

మీ అక్కయ్యేనండీ. మీకు ఎంతమంది అక్కయ్యలున్నారు. … చేతులకి మట్టి ఉంటే ఉండనివ్వండి, ఫోనేం మాసిపోదు. … కోపంగా లేరు. … నేనెలా చెబుతాను ఏమంటారో. పట్టుకోండి. అటు తిప్పి పట్టుకోండి…

…

…

…

హలో… నేనే వదినా. ఫోను నా చేతిలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఇక్కడి దాకా ఒక్క మాట వినిపించలేదు. ఊఁ, ఊఁ, అలాగే అక్కా, అంటూ నిలబడ్డారంతే. ఏమన్నారేంటి?

…

తిట్టారా?

…

చిన్నప్పటి తిట్లన్నీనా? … నిన్నెవడు చెప్పమన్నాడురా గొడుగని, అన్నారా. ఊఁ… గాడిద అని కూడానా… సరిపోయింది.

…

నొచ్చుకోవడమా? మీరు ఆయన మొహం చూడాల్సింది వదినా. మంత్రిగా ప్రమాణం చేసిన రోజు కూడా ఇంత వెలగలేదు. ఇప్పుడు పెరట్లో గేదెకి చెబుతున్నారు, అక్క తిట్టింది అని. నాకు ఇక్కడికి వినిపిస్తోంది.

…

తప్పకుండా రండి. రేపే రండి. అన్నయ్యగారు రాలేరు లెండి, మీరు మాత్రం గోడ దూకైనా వచ్చేయండి. ఇక్కడ పురుగు కూడా లేదు. ఇల్లంతా ఖాళీ. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గోడ గడియారం చప్పుడు చేస్తుందని ఇవాళే తెలిసింది నాకు…

…

ఒక్క నిమిషం. ఎవరో పిలుస్తున్నారు. ఫోన్ పెట్టేయకండి.

ఎవరు బాబూ? … ఏ ఊరు? … అంత దూరం నుంచా. … మీ కోడలి బదిలీ అంటావు. అది కాదు నాయనా, నువ్వు వార్తలు చూడలేదా? ఆయన ఓడిపోయారు. … లేదు, ఇంక ఆయన చేతిలో ఏం లేదు. … అయ్యో, ఇంత ఎండలో నడిచొచ్చావా. మంచినీళ్ళు తాగు.

…

ఎవరో పాపం పెద్దాయన వదినా, కోడలి బదిలీ కోసం. బస్సు దిగి నడిచొచ్చాడు. ఫలితం తెలీదట.

…

బాబూ, గెలిచినాయన ఇల్లు ఎంతో దూరం లేదు. ఇలా రోడ్డు పట్టుకుని తిన్నగా వెళ్ళి, మిల్లు దగ్గర ఎడమవైపు తిరుగు…

…

ఊరికే దారి చెబుతున్నాను వదినా. మనిషిని చూస్తే జాలేస్తోంది.

మిల్లు దాటాక మూడో సందు. టెంటు వేసి ఉంటుంది, కనుక్కోవడం తేలిక. … ఆ వెనకాల వాళ్ళు కూడా నీతో వచ్చినవాళ్ళేనా? … బస్సు మొత్తమా? సరే, అందరూ కలిసే వెళ్ళండి.

వదినా, మీ గేటు ఇంకా నీలం రంగేనా?

…

హలో…

హలో, వదినా…

బాబూ, ఫోన్ పెట్టేశారు. ఇంట్లోనే ఉన్నారు. త్వరగా వెళ్ళండి.